గురవమ్మ తట్టిన తలుపులు

ఆ బుధవారం సాయంత్రం ఏడు గంటల వేళ గురవమ్మ మా లైనులో ఇరవై మూడు తలుపులు తట్టింది. ఒక్క ఇంట్లోనూ ఆమెను లోపలికి రమ్మనలేదు. కంట్రాక్టరు ఏం చేశాడో, పోలీసులు ఏం చేశారో తర్వాత చెప్తాను. ముందు మేం చేసింది చెప్పాలి.

మా లైను భవానీపూర్‌లో బస్సులు తిరిగే రోడ్డు వెనక ఉంది. ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యలో ఒక కుళాయి. అందరం శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళమే. తాతల నాటి నుంచి ఈ బెంగాలీ నగరం వీధులు ఊడుస్తున్నాం, మోరీలు తీస్తున్నాం. నేను మాత్రం పదో తరగతి దాకా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర చదువుకుని, రెండేళ్ళ కిందట నాన్న దగ్గరికి వచ్చాను.

గురవమ్మ కొడుకు బైరాగి. వానలు మొదలైన వారంలో ఒకరోజు పొద్దున కంట్రాక్టరు మనుషులు అతన్ని మా లైను ముందరి మ్యాన్‌హోల్‌లోకి దింపారు. నడుముకు తాడు కట్టలేదు. ముఖానికి మాస్కు ఇవ్వలేదు. లోపలి విషపు గాలికి అతను అక్కడే పడి ప్రాణం విడిచాడు. రొట్టెలు ఇవ్వడానికి వెళ్ళిన గురవమ్మ అంతా చూసింది. తాడు కంట్రాక్టరు వ్యానులో చుట్ట చుట్టి ఉంది. దాన్ని విప్పనైనా లేదు.

మర్నాడు కంట్రాక్టరు పేపర్ల వాళ్ళతో, "తాగి, ఎవరికీ చెప్పకుండా దిగాడు" అన్నాడు. బైరాగి తాగేవాడు. ఆ కంపులోకి దిగేవాళ్ళు తాగకుండా దిగలేరు. కానీ ఆ పొద్దున తాగలేదు. టీ తాగి, తల్లికి చెప్పి వెళ్ళాడు.

ఒక్క తెలుగు చానెల్ నుంచి మాత్రం ఒక విలేకరి అమ్మాయి వచ్చింది. గురవమ్మ ఆమె ముందు కూర్చుని తాడు సంగతి, టీ సంగతి అన్నీ చెప్పింది. "బుధవారం ఏడింటికి వేస్తాం మామ్మా" అని ఆ అమ్మాయి వెళ్ళింది.

కంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ అప్పటికే రెండుసార్లు ఒక కాగితం తెచ్చాడు. నా కొడుకు తాగి తన ఇష్టంతో దిగాడు, ఇందులో ఎవరి తప్పూ లేదు అని ఉంది అందులో. దానిమీద గురవమ్మ వేలుముద్ర కావాలి. రెండుసార్లూ ఆమె అతన్ని గుమ్మంలోంచే పంపేసింది.

"బుదారం టీవీలో నా మాట సూసి రా బావూ. అప్పుడు కూడా ఈ కాయితం తెచ్చీ మొకం ఉంటే తే."

అయితే సోమవారం నుంచే ఆ చానెల్ రావడం లేదు. బెంగాలీ చానెళ్ళు, హిందీ చానెళ్ళు వస్తున్నాయి. తెలుగు చానెల్ పెడితే నీలిరంగు తెర, దానిమీద రెండు ఇంగ్లీషు వాక్యాలు. తెలుగు ప్యాక్‌లో మాకు వచ్చేది ఆ ఒక్క చానెలే, దానికి విడిగా కట్టాలి. ఎవరింట్లో వాళ్ళు, ఇంటాయన ఆ నెల అది కట్టలేదనుకున్నారు. మా లైనులో టీవీ తెగిందంటే ఆ ఇంటి మగాడు జీతం తాగేశాడని అర్థం. కిందటేడు ఒకరికి తెగితే పండగ దాకా ఏడిపించారు. అందుకని ఎవరికి వాళ్ళం నోరు మూసుకున్నాం. గురవమ్మా తన ఇంట్లో అలాగే అనుకుంది. ప్యాక్ వేయించేది బైరాగి కదా.

నాకు ఆ ఇంగ్లీషు అర్థమైంది. "ఈ చానెల్‌ను మా సేవల నుంచి తొలగించాం" అని ఉంది. మా ఇంట్లో కట్టలేదని లేదు. నాన్నకు చదివి వినిపించాను. నాన్న నమ్మలేదు. "బయట అనకు. నవ్వుతారు" అన్నాడు. నేను అనలేదు. నాకు నలుగురిలో మాట పెగలదు.

బుధవారం గురవమ్మ మొదట తన ఎదురు గదిలో ఉండే పుష్పరాణి తలుపు కొట్టింది. "మా టీవీ పాడైపోనాది పెద్దమ్మా" అంది పుష్పరాణి. పక్కింటివాళ్ళు బజారుకు వెళ్తున్నామని అప్పటికప్పుడు తాళం వేశారు. ఇంకో ఇంట్లో డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకున్నాడన్నారు. అలా ఒక్కొక్క ఇల్లూ దాటి మా దగ్గరికి వచ్చింది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"దుర్గారావూ, కాసింత మీ టీవీ ఎట్టు బావూ. నాను సెప్పింది ఏస్తారట."

నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మా కేబుల్ డబ్బా కాలిపోనాది పిన్నీ."

లోపల బెంగాలీ సీరియల్ పాట మోగుతోంది. గురవమ్మ విన్నది. నాన్న వైపు, నా వైపు చూసింది.

"అలగా" అంది. తిరిగి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున్నే మున్షీ మోటారు సైకిలు వచ్చింది. నేను కుండ పట్టుకుని మా గుమ్మంలోనే ఉన్నాను. అతను గురవమ్మతో నవ్వుతూ మాట్లాడటం నాకు వినిపించింది.

"టీవీలో వచ్చావా మామ్మా? ఎవరు చూశారు? నీవాళ్ళే చూడలేదట కదా."

అప్పుడైనా నేను ఆ ఇరవై అడుగులు నడవాల్సింది. నడవలేదు. మోటారు సైకిలు వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి కుళాయి వచ్చింది. ఆడవాళ్ళంతా వరసలో ఉన్నారు. గురవమ్మ బిందె లేదు.

"ముసిల్ది నీళ్ళకి కూడా రానేదేటి?" అని ఎవరో అడిగారు.

"నిన్న నానే అబద్దం ఆడి పంపీసినాను. ఆ మొకం నాను సూడనేను" అని పుష్పరాణి ముక్కు చీదింది.

నా చేతిలో బిందె జారి రాయి మీద పడింది. అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు అనేశాను.

"మా ఇంట్లో తెలుగు చానెల్ రావట్లేదు. సోమవారం నుంచీ రావట్లేదు. కట్టకపోవడం వల్ల కాదు. ఎవరికీ రావట్లేదు. వాళ్ళే తీసేశారు. తెర మీద రాసి ఉంది."

వరసలో ముందున్న ఆమె కుళాయి కట్టేసింది.

"మాకూ రావట్లేదే" అని ఒకామె మెల్లగా అంది.

"మాకూను."

"ఓలమ్మా! ప్యాకు డబ్బులు తాగీసినావురా అని మూడు రోజులు నా మొగుడికి కూడెట్టనేదే!" అంది పుష్పరాణి. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఇరవై మూడు తలుపులూ అందరికీ ఒకేసారి గుర్తొచ్చాయి. బిందెలు అక్కడే వదిలేసి గురవమ్మ గదికి వెళ్ళాం.

ఆమె గోడకు చేరబడి ఉంది. కుడిచేతి బొటనవేలు నీలంగా ఉంది.

"మామ్మా, మా ఇళ్ళలో కూడా రాలేదు. సిగ్గుపడి చెప్పలేదు" అన్నాను.

ఆమె ఆ వేలు నా వైపు చాపింది.

"పొద్దున సెప్పకపోయేవా అమ్మా" అంది. "ఏలెట్టీసినాను. నా బైరాగి తాగి సచ్చినాడని నానే ఏలెట్టీసినాను. నా మాట మీకెవులికీ నమ్మకం నేదనుకున్నాను."

పుష్పరాణి ఆమె చెయ్యి పట్టుకుని, తడి కొంగుతో ఆ సిరా తుడవాలని చూసింది. అది పోలేదు.

ఆ సాయంత్రమే కుళాయి దగ్గర మీటింగు పెట్టాం. మగవాళ్ళు చానెల్ సంగతి మనకెందుకన్నారు. ఉద్యోగాలు పోతాయన్నారు. "రేపు మీరు దిగి సస్తే ఎవులు సెప్తారు? మున్షీయా?" అని పుష్పరాణి అడిగింది. నాన్న లేచి లోపలికి వెళ్ళాడు. మా డబ్బా తీగలు పీకి, పట్టుకొచ్చి కుళాయి గట్టు మీద పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరే వెళ్ళి తెచ్చారు.

శుక్రవారం పొద్దున పని ముగించుకుని, చీపుళ్ళతోనే డబ్బాలు మోసుకుని కేబుల్ ఆఫీసుకు వెళ్ళి, ముందు రోడ్డు మీద కుప్ప పోశాం. కేబుల్ నిమాయ్ మా అందరికీ తెలిసినవాడే. డబ్బాల కుప్ప చూసి కుర్చీలోంచి లేచాడు. అతని బెంగాలీని, లైనులో పుట్టి పెరిగిన ప్రదీప్‌కుమార్ నాలా ఆ భాష సరిగా రానివాళ్ళకు తెలుగులో చెప్పాడు.

"నా చేతుల్లో ఏముంది దీదీ? నా పైన పెద్ద కంపెనీ ఉంది. చానెల్ మీ ఇళ్ళకు రావాలంటే చానెల్ వాళ్ళు ఆ కంపెనీకి క్యారేజీ ఫీజు కట్టాలి. ఈ ఏడు పెంచారు. చానెల్ కట్టనంది. కంపెనీ తీసేసింది."

"మేం కడతన్నాం కదా?" అన్నాడు నాన్న.

"మీరు కట్టేది చూడ్డానికి. వాళ్ళు కట్టాల్సింది కనబడ్డానికి."

"అయితే రెండు పక్కలా కంపెనీకేనా?"

నిమాయ్ చేతులు చాచాడు. "నలభై ఇళ్ళ కోసం వాళ్ళు దిగిరారు దాదా. ఫోన్‌లో చూసుకోండి."

"ఫోన్‌లో ఎతికినాం" అన్నాడు ప్రదీప్‌కుమార్. "బైరాగి మావని బయటికి లాగిన ముక్క ఉన్నాది. ఈ ముసలమ్మ మాట నేదు."

"ఆ పెద్దోళ్ళిద్దరూ తగువాడుకుంటే మా నోరు నొక్కీసినారేటి?" అంది పుష్పరాణి. "నలబై ఇళ్ళోళ్ళం ఊడవకపోతే నీ వీధి ఏటవుతాదో ఎరుగుదువా దాదా?"

అప్పుడు గురవమ్మ ముందుకు వచ్చింది. ఎవరూ ఆమెను మాట్లాడమనలేదు. డబ్బాల కుప్ప పక్కన, రోడ్డు మీద నిలబడి మొదలుపెట్టింది. కొడుకు ఎన్నింటికి లేచాడో, టీలోకి ఏం ముంచుకు తిన్నాడో, వ్యాను ఎక్కడ ఆగిందో, తాడు ఎక్కడ ఉందో. ఒక్కో మాటకూ ప్రదీప్‌కుమార్ బెంగాలీ చెప్పాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఆగారు. చేపలమ్మే అతను తక్కెడ దించాడు. "తాడు వ్యానులోనే ఉందా మాషీ?" అని ఒక కాలేజీ పిల్ల అడిగింది. "ఉన్నాదమ్మా. కొత్త తాడు" అంది గురవమ్మ.

ఆమె మాట పూర్తి కాకముందే జీపు వచ్చింది. దారి అడ్డగించారన్నారు. నాన్నను, ప్రదీప్‌కుమార్‌ను, గురవమ్మను ఎక్కించారు. మేం వెనకే పరుగెత్తి ఠాణా వరండా నిండా నిలబడ్డాం.

లోపల అధికారి మున్షీ ఇచ్చిన కాగితం తీశాడు. "ఇది నీ వేలుముద్రేనా? నీ కొడుకు తాగి దిగాడని నువ్వే ఒప్పుకున్నావు. మరి రోడ్డు మీద ఈ గోల ఏమిటి?"

ప్రదీప్‌కుమార్ తెలుగులో చెప్పాడు. గురవమ్మ తన బొటనవేలు చూసుకుంది.

"నాదే బావూ" అంది. "అది ఎట్టిననాడు నాను ఒక్కదాన్నే. ఇప్పుడు బయట సూడు. ఎంతమందో లెక్కెట్టు. అప్పుడు ఇంకో కాయితం తే."

అధికారి లెక్కపెట్టలేదు. గురవమ్మను ముసలిదని వదిలేశాడు. నాన్నను, ప్రదీప్‌కుమార్‌ను లోపల పెట్టాడు. కటకటాల వెనక నాన్న చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేను ఏడ్చాను. గురవమ్మ ఏడవలేదు.

శనివారం తెల్లవారుతూనే కుండపోత. మా లైను ముందున్న మోరీ పొంగి రోడ్డు నిండింది. తొమ్మిదింటికి కంట్రాక్టరు వ్యాను వచ్చింది. మున్షీ గొడుగు కింద నుంచి అరిచాడు.

"ఎవడొస్తాడు? రెట్టింపు ఇస్తాను. ఒక్కడు చాలు."

మాలో పొయ్యి వెలగని ఇళ్ళు ఉన్నాయి. అయినా ఎవరూ కదల్లేదు.

"దిగండిరా! బాబుల ఇళ్ళల్లోకి నీళ్ళు పోతున్నాయి!"

గురవమ్మ కాళ్ళతో తడుముకుంటూ నీళ్ళలోకి నడిచింది. బైరాగి దిగిన మ్యాన్‌హోల్ మూత దొరికింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని దానిమీద కూర్చుంది. పుష్పరాణి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత మగవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. చుట్టూ ఆ మురికి నీళ్ళలోనే కూర్చున్నారు.

మున్షీ ఫోను తీశాడు. "జీపు పంపండి" అనడం వినిపించింది.

నేను గట్టు మీదే నిలబడ్డాను. నాన్న ఇంకా ఠాణాలోనే ఉన్నాడు. గురవమ్మ తల తిప్పి నన్ను చూసింది. కాస్త పక్కకు జరిగింది.

"కూకోయే గుంటా" అంది. "ఇక్కడ సోటున్నాది."

నేను నీళ్ళలోకి దిగాను.