ఇంటి సంగతి అడగొద్దు

భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తుండగా అతని మేనేజరు దగ్గర్నుంచి ఆమెకు ఫోను వచ్చింది. ఆ ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆమె మొన్న ఇంటర్వ్యూకి వెళ్లింది. పాప పుట్టాక వదిలేసిన పని మళ్లీ చేతికొస్తుందని ఎంత ఆశపడిందో! కూరలు తరుగుతూ కూడా మనసులో కోడ్ రాసుకుంది, పిచ్చిది.

"ఏమనుకోకండమ్మా, వేరే అబ్బాయిని తీసుకున్నాం. నిజానికి ఇంటర్వ్యూ చేసిన ముగ్గురి మార్కుల్లోనూ మీరే పైన. నిలకడగా రాగలరా అని మీవారినే అడిగాను. పాపకి ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టేది తనేగా, ఆలోచించుకోండి అన్నారు. ఆయనకన్నా మీ గురించి ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"

ఇస్త్రీపెట్టె ఆపేసి, చేతిలో ఉన్న అతని చొక్కా పక్కన పడేసింది.

ఆ మార్కుల పద్ధతి ఎవరిదనుకున్నారు? ఉద్యోగానికొచ్చేవాళ్లను ఎలా తూచాలో తోచక ఆ మొగుడుగారే తల పట్టుకు కూర్చున్న రోజున, అంట్లు తోముతూ చెప్పింది ఆమె. అందరికీ ఒకే సమస్య ఇవ్వండి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు వేసేయాలి, ఇంటి సంగతి మాత్రం అడగొద్దు అంది. ఆఫీసులో శభాష్‌లన్నీ అతనికే దక్కాయి. ఆమె ఊసే ఎత్తలేదు. మా వాడిది ఎంత బుర్రో అని అత్తగారు పొంగిపోతుంటే ఆమె కూడా నవ్వుతూ తలూపింది. ఇద్దరం ఒకటేగా అనుకుంది మరి! ఇప్పుడా మురిపెం తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ముగ్గురు న్యాయంగా తూచారు. ఏడేళ్లు కాపురం చేసినవాడు తడిగుడ్డతో గొంతు కోశాడు.

సాయంత్రం అతను జాలి మొహం వేసుకొచ్చాడు. వాళ్లకి ఇంకెవరో నచ్చారట, ఆ తలనొప్పి నీకెందుకు, హాయిగా ఇంట్లో ఉండమన్నాడు.

"మిమ్మల్నేమైనా అడిగారా?"

"నన్నెవరడుగుతారే?" అన్నాడు, కళ్లు కలపకుండా.

అబద్ధం కూడా ఇంత తేలిగ్గా వస్తుందా ఈ మనిషికి! ఆమెకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. మంచినీళ్లు తాగి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"రేపు మీ మేనేజరు పైఅధికారిని కలుస్తున్నాను. మీ మాట తీసేసి మార్కులు మళ్లీ చూడమని అడుగుతాను. పాపకి బడి లేదు. సెలవు మీరు పెట్టండి."