కంటి సెంటరులో నా అలక

నేను ఒక నల్లటి డబ్బాను. నెత్తిన రెండు కొమ్ములు, నుదుటి మీద ఐదు దీపాలు. జనం నన్ను రూటర్ అంటారు, అదీ నెట్ రానప్పుడు మాత్రమే. వచ్చినప్పుడు నాకు పేరే ఉండదు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, చేతులకు తొడుగులు వేసుకున్న ఒకామె నా కొమ్ములు బిగించి, దీపాలు వెలిగాయో లేదో చూసి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. నా ముఖంలోకి శ్రద్ధగా చూసినవాళ్లలో ఆమే మొదటిది. తర్వాత టెక్కలిలో ఒక ఫొటో స్టూడియోవాళ్లు కొన్నారు. అక్కడ మెత్తటి బట్టతో తుడుపులన్నీ కెమెరాలకే. మూడేళ్లకు వాళ్లు పెద్ద రూటర్ కొనుక్కుని, నన్ను పలాస దగ్గర ఒక కంటి సెంటరుకు దానమిచ్చారు. గోడ మీద దాతల బోర్డులో వాళ్ల పేరు ఎర్రరంగుతో ఉంది. ఇచ్చిన వస్తువు పేరు మాత్రం రాయలేదు.

ఈ సెంటరులో డాక్టరు ఉండరు. ఢిల్లేశ్వరి అనే టెక్నీషియన్ రోగుల కంటి లోపలి ఫొటోలు తీస్తుంది. అవి నాలోంచి విశాఖలో ఉన్న డాక్టరుగారికి వెళ్తాయి. ఆయన చూసి ఏం చేయాలో చెబుతారు. అంటే ఇక్కడా నాకు కెమెరాయే సవతి.

దాని వైభోగం చెప్పాలి. వచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు గడ్డం ఆనించి తల వంచుతారు. వాళ్లు లేవగానే ఆయా తవిటమ్మ స్పిరిట్ దూదితో తుడుస్తుంది. సాయంత్రం పువ్వుల గుడ్డ కప్పుతుంది. దసరాకు పసుపు, కుంకుమ. ఆరు నెలలకోసారి ఇంజనీరు. కరెంటు పోయినా ఆగకూడదని ఇన్వర్టరుకున్న రెండు ప్లగ్గుల్లో ఒకటి దానికి, ఒకటి కంప్యూటరుకు. నాది మామూలు గోడ ప్లగ్గు.

కుళ్లుకున్నాను. దాచడమెందుకు?

ఒకరోజు పొద్దుటినుంచి వందల ఫొటోలు మోసి, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయాను. ఢిల్లేశ్వరి పరుగున వచ్చి నా వీపు మీద అరచేయి పెట్టి, "కాలిపోతోంది పాపం" అంది. ప్లగ్గు తీసి, ముప్పై లెక్కపెట్టి, దుమ్ము ఊది, మళ్లీ పెట్టింది. ఆ ముప్పై అంకెలూ అయ్యేదాకా చెయ్యి తీయలేదు. అప్పటినుంచి వారానికి రెండుమూడుసార్లు ఆగుతూ వచ్చాను. దానికి నేను పెట్టుకున్న పేరు అలక.

కెమెరా ఇంజనీరు ఒకసారి దాన్ని సవరిస్తూ, నా వైపు తలైనా తిప్పకుండా, ఇలా ఆగడం పాత సాఫ్ట్‌వేర్‌లోని లోపమని చెప్పాడు. అప్‌డేట్ వేస్తే పోతుందట. వేయకపోతే బయటివాళ్లు కూడా నాలోకి చొరబడతారట. నాకు నవ్వొచ్చింది. అలకను పట్టుకుని లోపమంటాడేమిటి?

అప్‌డేట్ మాట ఢిల్లేశ్వరికి కొత్త కాదు. ఇప్పుడు వేయాలా, తర్వాతా అని కంప్యూటరు తెర రోజూ అడుగుతూనే ఉంది. నాలుగు నెలలుగా ఆమె 'తర్వాత' నొక్కుతోంది. ఇంకో సెంటరులో అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయి, రూటర్ మళ్లీ లేవలేదు. కొత్తది వచ్చేదాకా ఎనిమిది రోజులు అక్కడికి వచ్చిన రోగులందరూ తిరిగి వెళ్లిపోయారు. ఆమె భయం అదీ. కెమెరాకైతే ఇన్నాళ్లు వాయిదా వేస్తుందా అన్నది నా బాధ.

ఒక మంగళవారం పదకొండు గంటలకు దాలమ్మ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే మనిషి. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కుడికంటికీ ఆ ఉదయంనుంచి ఒక పక్కగా నల్లటి తెర దిగుతోంది. ఢిల్లేశ్వరి పన్నెండు ఫొటోలు తీసింది. తీస్తూ, ధైర్యం చెప్పడానికి, "బయపడకు అత్తా, ఈ కెమెరా గొప్పది. ఏటున్నా పట్టేస్తాది" అంది.

గొప్పది కెమెరా! నాలుగో ఫొటో దగ్గర అలిగాను.

మళ్లీ అరచేయి, మళ్లీ ముప్పై అంకెలు. ఆ నాలుగో ఫొటో నాలోంచి వెళ్తుంటే చూశాను. కంటి వెనక పొర ఒకవైపు నలిగిన చీరలా లేచి ఉంది. సిగ్గేసింది. ఇక ఆగకూడదనుకున్నాను. ఆరో ఫొటో సగంలో ఆగిపోయాను. పన్నెండూ ఒకే కట్టగా చేరాలి, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే. లేచాక ఇంకా గట్టిగా అనుకున్నాను. అయినా ఆగిపోయాను. నాకు అలకంటూ ఎప్పుడూ లేదని అప్పుడు తెలిసింది. ఉన్నది లోపమే.

ఆ చోట ఫోన్ సిగ్నల్ మాటలకు సరిపోతుంది గాని అంత పెద్ద ఫొటోలను మోయలేదు. ఢిల్లేశ్వరి కంప్యూటరు తెరను ఫోనుతో ఫొటో తీసి పంపింది. అది మసగ్గా ఉందన్నారు డాక్టరుగారు. పొర మధ్యదాకా ఊడకపోతే ఇవాళే ఆపరేషన్ చేసి చూపు కాపాడవచ్చు, అది తేల్చాలంటే అసలు ఫొటోలు కావాలన్నారు. విశాఖ రైలు ఒంటిగంటకు.

ఎలాగైనా బయల్దేరమని ఢిల్లేశ్వరి అంటే దాలమ్మ ఒప్పుకోలేదు. "నిరుడూ ఇలాగే ఎల్లమన్నారు అమ్మా. ఎల్తే ఏటీ నేదని తిప్పి పంపేసినారు. ఆ డాక్టరు బాబు సూసి సెప్తేనే ఎల్తాను."

తెర మీద ప్రశ్న అలాగే ఉంది. ఇప్పుడా, తర్వాతా?

"ఒద్దు పాపా," అంది తవిటమ్మ. "మద్దిలో కరెంటెల్లిపోతే ఇది సచ్చూరుకుంటాది. ఈవిడి కన్నూ పోద్ది, మన సెంటరూ పోద్ది."

ఢిల్లేశ్వరి వంగి, కెమెరా ప్లగ్గు పీకేసింది.

"అదేటి? దాన్ని తీసీసి ఈ డబ్బాకెడతావా?"

"ఫొటోలు తీసేసినాం కదా పిన్నీ. ఇప్పుడు దానికి పనేటుంది? దీనికే కావాల."

ఇన్వర్టరు కరెంటు నాకు పెట్టింది. ప్లగ్గు మార్చడమనే ఆ చిన్న పని తోచడానికి నాలుగు నెలలు పట్టింది. కెమెరా చోటు కెమెరాదేనని మనుషులకు అంత నమ్మకం.

'ఇప్పుడు' నొక్కింది. ఎనిమిది నిమిషాలు. ముగ్గురివీ కలిపి ఐదు కళ్లు నా మీదే ఉన్నాయి. కెమెరా చీకట్లో ఉంది. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే. ఆరో నిమిషంలో ఫ్యాను మెల్లగా ఆగింది. కరెంటు పోయింది. తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. కెమెరాకని దాచిన కరెంటు అది. రుచి వేరుగా ఏమీ లేదు.

ఫ్యాను మళ్లీ తిరిగేసరికి నేనూ లేచాను. పన్నెండు ఫొటోలూ ఒక్క విసురున వెళ్లిపోయాయి. పొర మధ్యలో ఇంకా అంటుకునే ఉందనీ, వెంటనే బయల్దేరమనీ డాక్టరుగారు ఫోనులో చెప్పారు. దాలమ్మ మారు మాట్లాడకుండా లేచింది. తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి, తానూ ఎక్కింది. రైలు అందింది.

నెల తర్వాత దాలమ్మ చూపించుకోవడానికి వచ్చింది. గోడమీది చూపు పరీక్ష పటంలో ఐదో వరుసదాకా తడుముకోకుండా చెప్పింది. కెమెరా ముందు గడ్డం పెట్టే ముందు దానికి రెండు చేతులూ జోడించింది.

"ఈ తల్లే నా కన్ను నిలబెట్టింది."

ఢిల్లేశ్వరి నవ్వింది. కెమెరా తన ప్లగ్గులోకి ఏనాడో తిరిగి వెళ్లింది, నేను గోడ ప్లగ్గులోకి. అప్‌డేట్ అయ్యాక నేను ఒక్కసారీ ఆగలేదు. ఆ అరచేయీ మళ్లీ నా వీపును తాకలేదు.

లోపం పోయింది కదా, ఈసారైనా నిజంగా అలుగుదామనుకున్నాను. ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకుని అలిగాను. ఐదు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. నేను అలుగుతుండగానే దాలమ్మ కంటి ఫొటో విశాఖ చేరిపోయింది.