రెండున్నర అని చూపిన పెట్టె

పన్నెండున్నరకి మా అమ్మాయి తయారుచేసిన రెండో బోర్డు కూడా చచ్చిపోయింది. పొగ లేదు, చప్పుడు లేదు. మర్యాదస్థుల చావులా పచ్చ దీపం ఊరికే ఆరిపోయింది.

బల్లమీద ఇక ఒక్కటే మిగిలింది. నాలుగింటికి నీటి సరఫరా ఇంజనీరు వస్తాడు. మూడు పంపులకి మూడు బోర్డులు కావాలన్నాడు. పంపు రొదను వింటూ కూర్చుని, బేరింగు అరగడం మొదలవగానే పంపుని ఆపేసే బోర్డులవి. ఏడాదిన్నరగా పిల్ల రాత్రనక పగలనక వాటిమీదే కూర్చుంది. మళ్లీ చెయ్యాలంటే చిప్పులు రావడానికే మూడు నెలలు.

"నా డిజైనే తప్పు, నాన్నా," అంది, సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెడుతూ. "ఇంజనీరుగారికి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను."

అదే గదిలో ఆ మూల కూర్చుని మోటార్లకి తీగ చుట్టుకునే నా బావమరిది తల ఎత్తకుండానే అందుకున్నాడు. "హాయిగా ఉన్న ఉద్యోగం ఎందుకు మానేస్తావే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మేనమామ మాట ఎవరు వింటారు?"

ఆమె మారు పలకలేదు. అందుకే నాకు భయం వేసింది. నా కూతురు మేనమామకి ఎదురు చెప్పలేదంటే కొంప మునిగినట్టే.

నా సంగతి చెప్పాలి. అయిదో తరగతితో బడి మానేసి, నలభై ఏళ్లు రేడియోలు బాగుచేశాను. పిడుగు పడ్డ రేడియోని నాలుకతో తాకి ఏ వాల్వు పోయిందో చెప్పినవాణ్ణి. వీధిలో నన్ను కోతల మేస్త్రి అంటారు. అసూయ, మరేం కాదు.

బోర్డుల్ని పరీక్షించడానికి ఫంక్షన్ జనరేటర్ కొనుక్కొచ్చిందీ నేనే. కావలసిన అలని పుట్టించి బోర్డుకి తినిపించే పెట్టె అది. పంపు రొద అయిదారు వేల హెర్ట్జులు దాటదు. నేను మాత్రం అరవై మెగాహెర్ట్జుల పెట్టె తెచ్చాను. అంటే సెకనుకి ఆరు కోట్ల ఊపులు. కొమ్ముల పొడవు చూసి పాడి గేదెని కొన్నట్టు. షాపువాడు "పెద్దాయనా, ఇందులో లోడు సెట్టింగు అని ఒకటుంది..." అని మొదలుపెట్టాడు. "నువ్వు పుట్టకముందే నేను లోడులు మోశానురా అబ్బాయ్" అని పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను.

బోర్డు మూడు వోల్టులు దాటితే ఓర్చుకోదని అమ్మాయి చెప్పింది. అందుకే సున్నా నుంచి రెండున్నర దాకా ఊగే అల పెట్టాను. పెట్టెమీద ఎర్రగా రెండున్నర అని కనబడుతూనే ఉంది. రెండు బోర్డులూ పోయాయి.

ఆమె ఫోను వెతుక్కుంటోంది. నాకు చేతులు ఊరుకోలేదు. జనరేటర్ తీగని బోర్డు నుంచి ఊడబీకి, అలని తెరమీద గీసి చూపే నా పాత స్కోపుకి తగిలించాను. ఒక్కో గడి ఒక్కో వోల్టు. అల అయిదు గళ్లు ఎక్కింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. అయిదే.

పెట్టె మీటలు నొక్కుతూ పోతే లోపలెక్కడో "లోడు: 50 ఓములు" అని ఉంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఈ పెట్టె లోపలే కరెంటుకి యాభై ఓముల అడ్డు ఉంది. అవతలి లోడులో కూడా అంతే అడ్డు ఉంటుందనుకుని, సగం తనే మింగేస్తానని లెక్కేసుకుని రెట్టింపు వండుతుంది. మా బోర్డు ఆ లెక్కలోకి రాదు, అది దాదాపు ఏమీ లాగదు. కాబట్టి వండినదంతా దాని నెత్తినే పడింది.

"ఫోన్ చెయ్యకమ్మా! నీ తప్పు కాదు. పెట్టె రెండున్నర అని చెప్పి అయిదు పోసింది."

బావమరిది పగలబడి నవ్వాడు. "పెట్టె కూడా కోతలు కోసిందా బావా? నీ దగ్గర శిష్యరికం చేసిందేమో!"

అమ్మాయి నవ్వలేదు. ఫోను చెవి దగ్గరే ఉంది. "నా కోసం కథలు అల్లకు నాన్నా. నాకు ఇంకా బాధగా ఉంటుంది."

"ఒట్టు తల్లీ. ఇదిగో చూడు, స్కోపు చూడు."

"ఆ స్కోపు నాకంటే పెద్దది. దాని మాట ఎవరు నమ్ముతారు?"

జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే నమ్మేవాళ్లు లేరు. అవతల ఫోను మోగుతున్న శబ్దం నాకూ వినబడుతోంది. పరుగెత్తి గోడ గడియారంలోంచి బ్యాటరీ ఊడబీకాను. ఒకటిన్నర వోల్టులది, మొన్ననే వేశాం. స్కోపుకి ఆనించాను. గీత ఒకటిన్నర గళ్ల దగ్గర నిలబడింది. మళ్లీ పెట్టె తీగ పెట్టాను. అయిదు.

ఆమె ఫోను కట్ చేసి, తెరమీదికి వంగి తనూ గళ్లు లెక్కపెట్టింది. ఆ తరవాత నన్ను చూసింది.

"షాపులో ఎవరూ చెప్పలేదా?"

"చెప్పబోయాడమ్మా."

"నువ్వు వినలేదు."

బావమరిది చేతిలో తీగ ఆగిపోయింది.

అప్పటికీ బతికామని కాదు. డిజైను మంచిదో కాదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ రెంటికీ పరీక్ష పూర్తయిందే లేదు. మూడోదీ పోతే చూపించడానికి ఏమీ ఉండదు. నేను మీట మీద చెయ్యి వెయ్యబోతే "నువ్వు తప్పుకో" అంది. లోడు సెట్టింగు మార్చింది. స్కోపులో రెండున్నర గళ్లు చూసుకుంది. అయినా నమ్మక, బ్యాటరీతో ఇంకోసారి స్కోపుని పరీక్షించింది. ఆ తరవాతే తీగని బోర్డుకి తగిలించింది.

పచ్చ దీపం వెలిగింది. ఆమె దానికి అరిగిన బేరింగు రొదలాంటి అల ఇచ్చింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. టిక్కుమంటూ పంపుని ఆపే రిలే పడింది. మూడింటి దాకా అదే పరీక్ష పదకొండుసార్లు చేసింది. పదకొండుసార్లూ పడింది.

ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. "మూడు అన్నారు కదమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "రెండు నేను కాల్చేశాను సార్. పెట్టె సరిగ్గా పెట్టడం రాక. బోర్డుల్లో ఏ లోపమూ లేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పరీక్ష తనూ చేయించుకుని, మళ్లీ చెయ్యడానికి మూడు నెలలు పడుతుందని విని, కాగితంమీద మూడు కొట్టేసి ఒకటి రాశాడు. "చిన్న పంపుకి పెట్టి చూస్తాను. పెద్ద పంపులు రెండూ మూడు నెలలు ఆగలేవు. వాటికి వేరేవాళ్లని అడగాలి."

"సరే సార్," అంది అమ్మాయి.

ఆయన వెళ్లాక ఆమె జనరేటర్ తీగని చుట్ట చుట్టి తన సంచిలో వేసుకుంది.

"దీనిమీద ఇక నీ చెయ్యి పడకూడదు నాన్నా."

"పడదమ్మా," అన్నాను.

చచ్చిపోయిన బోర్డులు రెండింటినీ దగ్గరికి లాక్కుని, పోయిన చిప్పుల్ని ఒక్కొక్కటిగా ఊడదీయడం మొదలుపెట్టింది. నేను దీపం పట్టుకుని నిలబడ్డాను. దానికి మాత్రం అమ్మాయి వద్దనలేదు.