టైం ట్రయల్ రోజు పిట్టకు పెట్టుడు

సూరత్ తెలుగు సైకిల్ వీరుల వాట్సాప్ గ్రూపులో సైకిల్ ఉన్నవాళ్ళు కొందరు, హెల్మెట్ మాత్రమే ఉన్నవాళ్ళు చాలామంది. అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉన్నాయి.

మొదటి లాక్‌డౌన్‌లో పుట్టిన గ్రూపు అది. సైకిల్ తొక్కితే ఊపిరితిత్తులు గట్టిపడతాయని ఎవరో డాక్టర్ చెప్పిన వీడియో చూసి అందరూ ముందు ఒంటికి అతుక్కునే బట్టలు కొన్నారు. ఆంక్షలు సడలాక ఒక ఆదివారం డుమ్మస్ దాకా తొక్కుకుంటూ వెళ్ళి, సముద్రం ఒడ్డున టమాటా భజియాలు, కారప్పూసలాంటి గాంఠియాలు తిని, సైకిళ్ళను టెంపోలో వేసుకుని తిరిగొచ్చారు.

పరుశురాం ఒక్కడే తొక్కుకుంటూ వచ్చాడు. గాంఠియా ముట్టనివాడూ అతనొక్కడే. చిన్నప్పుడే సిరిసిల్ల నుంచి వచ్చి ఇన్నేళ్ళు సూరత్‌లో బతికినా శనగపిండి అతని గొంతు దిగేది కాదు. డబ్బాలో తెచ్చుకున్న ఉడికిన గుడ్లు ఒలుచుకు తిన్నాడు.

"ఊరు ఇడిసిపెట్టినవ్ గని నాలిక ఇడువలేదు గదనే పరుశన్నా," అని అందరూ నవ్వారు.

ఆ తర్వాత సైక్లింగ్ పూర్తిగా ఫోన్లలోకి మారింది. యూరప్‌లో ఎవరో తొక్కుతుంటే చూస్తూ ఇక్కడ వీళ్ళు తప్పులు పట్టేవారు. దీనివల్ల మోకాళ్ళ నొప్పులు రాలేదు. రైడర్ల పేర్లు నోరు తిరగక ఒకణ్ణి బక్కోడు అనీ, ఇంకొకణ్ణి గడ్డపోడు అనీ పిలుచుకునేవారు. అడ్మిన్ వరప్రసాద్ ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. సోమలింగానికి వరాఛాలో ఎంబ్రాయిడరీ మెషిన్ల సామాను దుకాణం. మార్కండేయ ట్యూషన్లు చెబుతాడు. పరుశురాం లూమ్‌ల కార్ఖానాలో మాస్టరు. రోజూ పనికి సైకిల్ మీదే వెళ్ళేవాడు కాబట్టి అతన్ని క్రీడాకారుడిగా ఎవరూ లెక్క చేయలేదు.

రెండో వేవ్‌లో పరుశురాం పోయాడు. గ్రూపు తీవ్రంగా స్పందించింది. గ్రూపు బొమ్మ తీసేసి కొవ్వొత్తి పెట్టారు. మర్నాడు కొవ్వొత్తి తీసి మళ్ళీ సైకిల్ పెట్టారు. ఆ రోజు కొండ ఎక్కే స్టేజి ఉంది.

పరుశురాం భార్య విజయరాణికి మిగిలింది కాలేజీకి వెళ్ళే కూతురు సింధూజ, లింబాయత్‌లో రెండు గదుల ఫ్లాటు. ఆ ఫ్లాటు బావగారు లక్ష్మీరాజం పేరు మీద ఉంది. మిల్లులో పర్మినెంటు ఉద్యోగం కాబట్టి బ్యాంకు లోను అన్నకే ఇచ్చింది. కంతులన్నీ తమ్ముడు కట్టాడు. ఈ సంగతి చుట్టాలందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

"ఇంటి ముచ్చటేంది బావా?" అని విజయరాణి అడిగితే లక్ష్మీరాజం కళ్ళు తుడుచుకున్నాడు.

"పదో దినం కానియ్యవా విజయా. ఇంక తమ్ముని బూడిద సల్లారనే లేదు."

అని, జేబులోంచి టేపు తీసి హాలు కొలిచాడు. ఏంది పెదనాన్నా అని సింధూజ అడిగితే, ఊకనే అన్నాడు.

ఇక విజయరాణికి మిగిలిన దారి పిట్ట ఒక్కటే.

పదో దినం నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే విస్తరి ముందుకు వెళ్ళి, నీ పిల్లను చూసుకుంటా, నీ మొక్కు తీరుస్తా అని మాట ఇస్తారు. సరైన మాట పడగానే పిట్ట దిగుతుంది. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. పిట్ట ముందు ఇచ్చిన మాటను పదిమంది వింటారు. పదిమంది విన్న మాటను తప్పినవాడికి కులంలో మళ్ళీ మంచినీళ్ళు కూడా పుట్టవు. పటేలు దగ్గర రాయించుకున్నదాని కన్నా గట్టిది అది.

అయితే ఆ పదిమందే కరువయ్యారు. డాబా మీద అయిదుగురికి మించి ఉండకూడదని బిల్డింగు సెక్రటరీ చెప్పాడు. అయ్యగారు, లక్ష్మీరాజం, అతని భార్య జమున, తల్లీకూతుళ్ళు. లెక్క అక్కడికే సరిపోయింది.

విజయరాణి భర్త ఫోను తీసి సైకిల్ గ్రూపులో రాసింది: "అన్నలారా, నేను విజయరాణిని. రేపు పిట్టకు పెట్టుడు. మా బావ ఇంటి గురించి మాట ఇయ్యాలె. మీరందరు వీడియోల ఉండి ఇనాలె. మీరే నాకు పదిమంది."

పరుశురాం పేరుతో, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న అతని ఫొటోతో మెసేజ్ వచ్చేసరికి మార్కండేయ ఫోను కింద పడేసుకున్నాడు. స్క్రీను పగిలింది. ఈ విషయం అతను తర్వాత విజయరాణికి రెండుసార్లు చెప్పాడు.

అందరూ దండాలు పెట్టారు. తప్పకుండ చెల్లె అన్నారు. మేమున్నం అన్నారు.

సోమలింగం: టైం ఎప్పుడు చెల్లె?

విజయరాణి: మూడున్నరకు అన్నా. అయ్యగారికి పొద్దటియన్ని బుక్కయినయట.

గ్రూపులో అందరూ రేసు టైంటేబుల్ తెరిచి చూసుకున్నారు.

సోమలింగం: మూడున్నరకు టైం ట్రయల్ గదా.

టైం ట్రయల్ అంటే గుంపుగా కాకుండా ఒక్కొక్కడే బయల్దేరి గడియారంతో పోటీ పడటం. కరోనా రూల్స్‌కు అన్ని విధాలా సరిపోయే ఆట అని మార్కండేయ అంతకుముందే విశ్లేషించాడు. ఆ రోజుతో బక్కోడా, గడ్డపోడా తేలిపోతుంది.

ఈ విషయం మాట్లాడుకోవడానికి విజయరాణి లేని ఇంకో గ్రూపు పెట్టారు. చాలాసేపు చర్చించి మనసున్న మనుషులుగా ఒక నిర్ణయానికి వచ్చారు. రేసు టీవీలో చూడాలి, పరుశురాం కార్యం ఫోనులో చూడాలి. రేసు కామెంటరీ అక్కడ వినిపిస్తే బాగుండదు కాబట్టి మైకు బంద్ చేయాలి. అక్కడి ఏడుపులు ఇక్కడ వినిపిస్తే రేసు అర్థం కాదు కాబట్టి ఫోను సౌండ్ కూడా బంద్ చేయాలి.

"రికార్డ్ జేసుకోమంటరా అన్నా?" అని విజయరాణి ఫోన్ చేసి అడిగింది.

"గివన్ని ఎవరన్న రికార్డ్ జేస్తరా చెల్లె? మంచిగుండది," అన్నాడు వరప్రసాద్. "ఇంతమందిమి కండ్లార సూస్తున్నం గదా."

మర్నాడు డాబా మీద విస్తరి వేశారు. గుడ్డు కూర, బగారా అన్నం, తలకాయ కూర. కింద మాంసం వాసన వస్తే శాకాహారి సెక్రటరీ ఊరుకోడు కాబట్టి కిటికీలు మూసి వండి, గిన్నె మీద తులసాకు పెట్టి పైకి తెచ్చారు.

కాకులు నీళ్ళ ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి గానీ దిగలేదు. అవి ఆ బిల్డింగు కాకులు. పొద్దున్నే గాంఠియా వేసే ఇళ్ళ మధ్య పెరిగినవి. తలకాయ కూరను అవి అనుమానంగా చూశాయి.

సింధూజ తండ్రి ఫోను పట్టుకుని నిలబడింది. స్క్రీను నిండా చిన్న చిన్న గడుల్లో ముప్పై మంది అన్నలు కనిపిస్తున్నారు. అందరూ కొంచెం పక్కకు, టీవీ ఉన్న వైపుకు చూస్తున్నారు. పై నుంచి గ్రూపు మెసేజులు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

ముందు సింధూజే వెళ్ళింది. "డాడీ, నేను పఢాయి ఇడువ. ఫస్ట్ క్లాస్ తెస్త. ప్రామిస్."

కాకి ముక్కు రుద్దుకుంది.

మార్కండేయ: గడ్డపోడు దుమ్ము లేపుతున్నడు.

తర్వాత జమున వెళ్ళింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరిదీ, విజయ నా సొంత చెల్లెలసొంటిది. కడుపుల వెట్టుకోని సూసుకుంట."

ఒక కాకి ఎగిరింది. అందరూ తలలెత్తారు. అది పక్క బిల్డింగు మీదికి పోయింది.

సోమలింగం: జమునక్క మొదటి మలుపుల్నే ఎనుకవడ్డది.

వరప్రసాద్: అరె, ఈ గ్రూపుల పెట్టకురా. పాపం.

సోమలింగం: సారీ. ఆ గ్రూపు అనుకున్న.

మార్కండేయ: సందర్భం కాదు గని, పరుశన్న సైకిల్ ఏం జేస్తరట? సీటు ఎత్తు నాకు కరెక్టు సరిపోతది.

సింధూజ అన్నీ చదివింది. ఫోను తల్లి వైపు తిప్పలేదు.

ఎండకు లక్ష్మీరాజం బట్టతల మెరుస్తోంది. అతనికి షుగరు. పొద్దుటి నుంచి టీ కూడా లేదు. కింద వంటింట్లో వేరే గిన్నెలో ఉన్న తలకాయ కూర అతని మనసులోనే ఉంది.

"అయ్యగారూ, దర్భతోని కాకిని జేసి ముట్టిచ్చుడు ఉంటది గదా? గట్ల కానియ్యిండ్రి."

"దానికి పొద్దుగూకాలి నాయనా," అన్నారు అయ్యగారు. ఆయన తరువాతి కార్యానికి ఎవరికో ఫోనులో అడ్రసు చెబుతున్నారు.

"బావా, మీరు పోయి చెప్పుండ్రి," అంది విజయరాణి. "ఆయన దేనికోసం ఆగిండో మీకెర్కే."

లక్ష్మీరాజం విస్తరి ముందుకు నడిచాడు. "తమ్మీ, నీ పేరు మీద అన్నదానం జేపిస్త."

కాకులు కదల్లేదు.

"తమ్మీ, సింధు పెండ్లికి పట్టుచీర నాది."

కాకులు అతని వైపు వీపు తిప్పాయి. లక్ష్మీరాజం కళ్ళు తిరిగి పిట్టగోడ పట్టుకున్నాడు. జమున భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ఒక మనిషిని నిజాయితీ దాకా తీసుకెళ్ళడానికి ఆకలి చాలు.

"తమ్మీ!" అని అరిచాడు. "ఈ ఇల్లు నీ పెండ్లాందే! కట్టింది నువ్వే. పిట్ట ముట్టంగనే రిజిస్ట్రేషన్ జేపిస్త. పదిమంది ముంగట జెప్తున్న. వచ్చి ముట్టురా తండ్రీ!"

కాకి దిగింది. గుడ్డు ముక్క నోట కరుచుకుని పోయింది. వెనకాలే ఇంకో రెండు దిగాయి.

సరిగ్గా అప్పుడే యూరప్‌లో బక్కోడు గీత దాటాడు. రెప్పపాటు తేడాతో గడ్డపోణ్ణి కొట్టేశాడు.

విజయరాణి ఏడుస్తూ కూతురి చేతిలోని ఫోను లాక్కుంది. గడుల్లో అన్నలందరూ లేచి నిలబడి ఉన్నారు. చప్పట్లు కొడుతున్నారు. సోమలింగం కళ్ళు తుడుచుకుంటున్నాడు. మార్కండేయ ఎవరినో కౌగిలించుకున్నాడు. కరోనా రూల్స్ కూడా మరచిపోయాడు.

"ఇన్నరా అన్నా?" అంది విజయరాణి.

మెసేజులు వానలా దిగాయి. సూపర్. అదుర్స్. మొగోడు. పానం పోయెదాక యాదికుంటది.

ఆమె ఫోనుకు చేతులు జోడించింది. కింద లక్ష్మీరాజం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

కడుపు నిండాక అతనికి జ్ఞాపకశక్తి తగ్గింది. వారం తర్వాత తాళాలు వేసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏం మాట? షుగర్ డౌనై ఏమన్న అన్ననేమో. నా సోయి నాకు లేదు. జమునా, నువ్విన్నవా?"

"కాకులల్ల నాకేం ఇనవడలె," అంది జమున. సొంత చెల్లెలి మీద ప్రేమతో ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. అయ్యగారిని అడిగితే, తాను మంత్రాలకే గానీ మాటలకు బాధ్యుణ్ణి కానన్నారు.

"నేనిన్న పెదనాన్నా," అంది సింధూజ.

"నువ్వు మీ అమ్మ బిడ్డవు. అట్లనే అంటవు."

విజయరాణి గాభరా పడలేదు. ఆమెకు ముప్పై మంది ఉన్నారు. వరప్రసాద్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"అన్నా, మా బావ ఆనాడు ఏమన్నడో మీరే చెప్పుండ్రి."

అటు నుంచి వరప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "చెల్లె... అది... సూసినం. మంచిగ జరిగింది. కాకి కూడ మంచిగ తిన్నది. సౌండే... మ్యూట్‌ల ఉండె."

"సూపర్ అని పెట్టిండ్రు గదన్నా! మొగోడు అన్నరు!"

వరప్రసాద్ అబద్ధం ఆడే మనిషి కాదు. "అది బక్కోన్ని అన్నం చెల్లె."

బక్కోడెవరో లక్ష్మీరాజానికి తెలియదు గానీ తాను లావని తెలుసు. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

సోమలింగం ఫోన్ ఎత్తి, ఇంటోళ్ళ లొల్లిల మేం తలదూరిస్తే బాగుండది చెల్లె అన్నాడు. మార్కండేయ మాత్రం ఏదైనా సహాయం కావాలంటే మొహమాటపడవద్దన్నాడు. ఇల్లు మారేటప్పుడు సామాను ఎక్కువైతే సైకిల్ తన దగ్గర పెట్టొచ్చన్నాడు. పెట్టారు.

తల్లీకూతుళ్ళు తాపీ నది అవతల కోసాడ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. సింధూజ చీరలకు రాళ్ళు అతికించే పనికి కుదిరింది. ఫస్ట్ క్లాస్ మాటను పిట్ట కూడా నమ్మలేదని ఎవరూ గుర్తు చేయలేదు.

నెల మాసికం తన చేతికొచ్చిన లింబాయత్ ఇంటి డాబా మీద లక్ష్మీరాజమే చేశాడు. ఎక్కువమందిని పిలవకూడదని విజయరాణిని పిలవలేదు. ఈసారి అతను ఆకలితో నిలబడే పని పెట్టుకోలేదు. పక్కింటివాళ్ళను అడిగి, కాకులకు అలవాటైన సరుకు తెచ్చి విస్తట్లో పోశాడు. నోరు తెరవకముందే డాబా నల్లబడిపోయింది. ఏ మాటా ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

ఈ మధ్యే గ్రూపులో చేరాడు కాబట్టి ఫొటో తీసి అందులో పెట్టాడు: "తమ్ముడు తృప్తిగ తిన్నడు."

సోమలింగం: సూపర్ అన్నా. పరుశన్న ఆత్మ శాంతించింది.

మార్కండేయ: ఇన్ని కాకులు ఎన్నడు సూడలె. పుణ్యాత్ముడు.

వరప్రసాద్ దండం పెట్టాడు. అందరూ దండాలు పెట్టారు.

అప్పుడు హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఫొటోతో ఇంకో మెసేజ్ వచ్చింది.

పరుశురాం: నేను గాంఠియా తిననని మీకెర్కే గదనే.

మార్కండేయ ఈసారి ఫోను గట్టిగా పట్టుకున్నాడు.

తర్వాత స్క్రీను మధ్యలో చిన్న అక్షరాలు వచ్చాయి: వరప్రసాద్ పరుశురాంను తొలగించారు.

వరప్రసాద్: ఏమనుకోకుండ్రి. పోయినోళ్ళ నంబర్ గ్రూపుల ఉంటే మంచిది కాదు. ఎల్లుండి మల్ల టైం ట్రయల్ ఉన్నది, ధ్యాస దెబ్బతింటది.

కరెక్ట్, అన్నాడు లక్ష్మీరాజం అందరికన్నా ముందు.