అతికించిన ఇసుక

మనుషుల్ని మాయం చెయ్యడం నా ఉద్యోగం.

కంగారు పడకండి, ఫొటోల్లోంచే. టూర్ల కంపెనీలో కేటలాగ్ ఫొటోలు సరిచేస్తాను. సెలవులకి బీచ్‌కి వెళ్లాలనుకునేవాడికి అక్కడ ఇంకో మనిషి కనపడకూడదు. అసలు ఫొటోల్లో మాత్రం బట్టతలలు, గొడుగులు, ఏడుస్తున్న పిల్లలు. ఒక్కొక్కళ్లనీ చెరిపి, ఆ ఖాళీని పక్కనున్న ఇసుకతోనే పూడుస్తాను. ఏ బీచ్ ఇసుక ఆ బీచ్‌కే. మా పనిలో మొదటి పాఠం అది.

ఈసారి ఆ పాఠం పక్కన పెట్టాను. దేశానికొకటి చొప్పున పన్నెండు బీచ్‌లు, చేతిలో రెండే రోజులు. "సముద్రం కూడా క్షణం ఊరికే కూర్చోదు. నువ్వేంటమ్మా, అలా కూర్చున్నావు?" అంటూ మేనేజర్ గంటకోసారి నా కుర్చీ వెనక నిలబడేవాడు.

పాత ఫొటోల్లో పేరూ ఊరూ లేని బీచ్ ఒకటి దొరికింది. మనిషి జాడ లేదు. నున్నటి ఇసుక. అందులోంచి చాపంత ముక్క కాపీ చేసి పన్నెండింటికీ అదే అతికించాను. పగడపు దీవికి తెల్లగా, అగ్నిపర్వతం కింది తీరానికి నల్లగా, గులాబీ ఇసుక ద్వీపానికి గులాబీగా రంగు మార్చాను, అంతే. ముక్క మధ్యలో ఒక విరిగిన గవ్వ, దాని పక్కన అయిదు సన్నటి గీతలు. గాలికి పడ్డ గీతలనుకుని ఉంచేశాను.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు వీడియో కాల్ చేశాడు. పెళ్లయ్యాక మొదటిసారి సెలవు పెట్టి, మా కంపెనీ టూర్‌లోనే మరదల్ని తీసుకెళ్లాడు. కేటలాగ్‌లో తొమ్మిదో బీచ్. ఏరికోరి అది చెప్పింది నేనే.

"అక్కా, నీ మరదల్ని పాతిపెట్టేశాను చూడు!"

ఇసుకలోంచి మరదలి తల ఒక్కటే పైకి ఉంది. నల్ల కళ్లద్దాలు, నెత్తిన టోపీ.

"చూశారా వదినా మీ తమ్ముడి ప్రేమ? ఏడాది తిరక్కుండానే పూడ్చేశారు."

"నోరు పూడ్చడం మర్చిపోయానక్కా."

నవ్వొచ్చింది. "అంత జనంలో మీకు చోటెలా దొరికిందిరా?"

"అదే విచిత్రం. బీచంతా కాలు పెట్టే సందు లేదు. ఇక్కడ మాత్రం చాపంత మేర ఖాళీ. ఇస్త్రీ చేసినట్టుంది. ఎవరూ తొక్కట్లేదు. పిల్లలు కూడా చుట్టూ తిరిగి పోతున్నారు."

నా నవ్వు ఆగిపోయింది. మరదలి గడ్డం పక్కన విరిగిన గవ్వ. గవ్వ పక్కన అయిదు గీతలు. సన్నగా లేవిప్పుడు. ఒక్కోటీ వేలి మందాన ఉబ్బి ఉంది.

"ఒరేయ్, దాన్ని బయటికి తియ్యి."

"ఎందుకక్కా?"

"తియ్యమన్నానా!"

"ముందు నా కాలు వదలమనండి వదినా," అంది మరదలు నవ్వుతూ. "చెయ్యి మంచుగడ్డలా ఉంది."

తమ్ముడు ఖాళీగా ఉన్న రెండో చేతిని కెమెరా ముందుకి తెచ్చి వేళ్లు చాపాడు. "నేనిక్కడుంటే నీ కాలెలా పట్టుకుంటానే?"

మరదలి నవ్వు సగంలో తెగింది. మెడ దాకా ఉన్న ఇసుక గడ్డం దాకా వచ్చింది.

"ఏవండీ..."

ఫోన్ కింద పడింది. తెరనిండా ఆకాశం. ఇసుక తవ్వుతున్న చప్పుడు, తమ్ముడి కేకలు. "రావట్లేదక్కా! లాగేకొద్దీ లోపలికి పోతోంది!"

తొమ్మిదో ఫొటో తెరిచాను. అతికించిన ముక్క విడి పొరగా ఉంటుంది. అది తీసేస్తే కింద అసలు ఫొటో ఉన్నదున్నట్టు బయటపడుతుంది. తీసేశాను. నేను చెరిపినవాళ్లు తిరిగొచ్చారు. చారల నిక్కరు వేసుకున్న ఓ లావుపాటాయన, ఇద్దరు పిల్లలు, వాళ్ల ఇసుక కోట.

ఫోన్లో ఒక్కసారిగా గోల. తర్వాత తమ్ముడి రొప్పు. "వచ్చేసింది... ఎవరో చారల నిక్కరాయన చంకల కింద పట్టి లాగేశాడు. ఇందాక ఇక్కడ ఎవరూ లేరక్కా!"

ఫోన్ తీసి మరదలి వైపు తిప్పాడు. వెక్కుతోంది. ఆమె చీలమండ చుట్టూ అయిదు నీలి చారలు.

"ఇవాళే బయల్దేరండి," అన్నాను. ఫోన్ పెట్టేసి మిగతా పదకొండూ తెరిచాను. ఒక్కో బీచ్‌లోనూ ఎవరి తమ్ముడో, ఎవరి మరదలో ఉంటారు. ప్రతి ముక్కలోనూ ఆ గీతలు లావెక్కాయి. నల్ల ఇసుకలో కణుపులు కూడా కనిపించాయి.

ఒక్కొక్కటే తీసేస్తుంటే మేనేజర్ నా కుర్చీ వెనక్కి వచ్చాడు. "బంగారం లాంటి ఫొటోలు పాడుచేస్తావేంటి? మళ్లీ జనం వచ్చేశారు!"

"ఉండనివ్వండి సార్. జనం ఉంటేనే మంచిది."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. పన్నెండూ అయిపోయాయి. చివరికి ఆ పేరులేని ఫొటో తెరిచాను.

నున్నటి ఇసుక లేదు. అక్కడ చాపంత గొయ్యి. గొయ్యి అంచు నుంచి తడి అడుగులు, ఒకదాని వెనక ఒకటి, ఫొటో కింది అంచు దాకా వచ్చి ఆగాయి. నా వైపుకే.

పన్నెండు చోట్లా దానికి చోటు లేకుండా చేశాను. ఇంక ఎక్కడికి పోతుంది?

టేబుల్ కింద, చెప్పులు విడిచిన నా పాదాలకి ఇసుక తగిలింది. కిందికి చూడలేదు. ఊపిరి బిగబట్టి, రెండు కాళ్లూ మెల్లగా కుర్చీ మీదికి లాక్కున్నాను.

ఒకటే వచ్చింది.