సిద్దమ్మ అరికాళ్లు

పొద్దున్నే సంగటి కెలికిపెట్టి సిద్దమ్మ చేనికి బయల్దేరిందంటే, ఓర్వకల్లు దారిలో ఎవరో ఒకరు నిలబెట్టేవాళ్లు. "సిద్దక్కా, మా చేన్లో ఒక సుట్టు తిరిగిపో." ఆమె తిరిగేది. నేలలో నీళ్లుంటే ఆమె అరికాలు తడిసేది. తడి అడుగు పడినచోట బావి తవ్వుకునేవాళ్లు. నాయనలారా, కొందరికి కాళ్లు పగులుతాయి, ఈమెకు తడుస్తాయి, అంతే.

యాభై రెండు కరువులో పెద్దరైతు దేవేంద్రప్ప చేన్లో అడుగు తడిసింది. తవ్వితే ఉప్పునీళ్లు పడినాయి.

"సముద్రాన్నే తెచ్చిపెట్టినావు గదమ్మా. ఇంగ చేపలు పట్టుకొని బతుకుతాం," అన్నాడాయన.

ఊళ్లో ఇంకొక్క బావి తవ్వడానికే సత్తువ మిగిలింది. అదీ తప్పితే గొడ్డూగోదా తోలుకొని వలసే. ఆ చోటు చూపడానికి సిద్దమ్మకు ధైర్యం చాలలేదు. సింహాచలం నరసింహస్వామిని అడిగొస్తానంది.

"అహోబిలం సామి దగ్గర్లోనే ఉండాడు గదా వదినా?" అన్నాడు మరిది ఓబులేసు.

"ఆ సామీ మనమాదిరే ఎండకొండల్లో ఉండాడు. ఉప్పు సంగతి సముద్రం పక్కనుండే సామికే తెలుస్తాది."

ఆ తండ్రి దర్శనమైనాక ఇద్దరూ సముద్రంలోకి ముక్కులా పొడుచుకుపోయిన రాతికొండ ఒకటి ఎక్కినారు. మూడు పక్కలా అలలు, కొనన ఓడలకు దారిచూపే దీపస్తంభం.

"ఇన్ని నీళ్లుండాయి, తోడేదానికి ఒక్క కపిల కూడా కట్టలేదు సూడు వదినా!" ఓబులేసు ఆశ్చర్యపోయినాడు.

దీపం కాపలాదారు నవ్వినాడు. "పూర్వం తెరచాప ఓడలోళ్లు ఈ కొండమీద నూతిలోనే మంచినీళ్లు నింపుకొని రంగూను ఎల్లేవోరమ్మా. గాలివానకి రాళ్లు పడి నుయ్యి కప్పడిపోనాది. ఎక్కడుందో మా తాతలకే తెల్దు."

సిద్దమ్మ కొనదాకా నడిచింది. కింద సముద్రం ఘోషిస్తుంటే రాతిమీద ఎడమ అడుగొక్కటే తడిగా పడింది. వెనక్కొస్తూ ఒక రాళ్లగుట్ట దగ్గర ఆగింది. ఎడమకాలు ఆరిపోయింది, కుడికాలు తడిసింది. మగవాళ్లిద్దరూ రాళ్లు లాగినారు. నడుములోతున నీళ్లు తళుక్కుమన్నాయి. సిద్దమ్మ దోసిట పట్టి తాగి, అక్కడే కూలబడింది.

"తియ్యగుండాయి అబ్బీ! ఇప్పుడు గుర్తొస్తాంది, దేవేంద్రప్ప చేన్లో తడిసింది ఎడమకాలు. ఇన్నేండ్లూ తడి చూసినానే గాని, ఏ కాలో చూళ్లేదు."

ఊరికొచ్చి నడిచింది. ఊరంతా వెనకాలే. చేన్లు దాటింది, దొడ్లు దాటింది. ఊరవతల క్రైస్తవుల గేరిలో జీవమ్మ గుడిసె ముందర కుడి అడుగు తడిసింది. ఊరి బావిగట్టు ఎక్కనియ్యరని కిందనే కడవ పెట్టుకొని, ఎవరైనా పోస్తారేమోనని జాములకొద్దీ నిలబడే మనిషి ఆ జీవమ్మ.

దేవేంద్రప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సుట్టు తిరుగు సిద్దమ్మా."

మూడు సుట్లు తిరిగింది. అడుగు అక్కడే పడింది.

"నీళ్లు యాడుండాలో నా కాలు చెప్పదప్పా. యాడుండాయో చెప్తాది."

ఇరవై అడుగులకే జల పడింది. మర్నాడు దేవేంద్రప్ప భార్య కృష్ణవేణమ్మ కడవ చంకనెత్తుకొని వచ్చి, తల వంచుకొని గట్టు కింద నిలబడింది.

జీవమ్మ చూసింది. "కిందనే నిలబడినావేందమ్మా? పైకి రా. చేద ఈడుండాది."