ఆకలెక్కువ స్పీకర్లు

మా ఇంట్లో చివరి గదిలో రెండు స్పీకర్లున్నాయి. ఒక్కొక్కటి నా ఛాతీ దాకా వస్తుంది. పదిహేనేళ్ల క్రితం నా భార్య వాటిని ఇంటికి తెచ్చినప్పుడు, "వీటిని గదిలో పెడదామా, మనమే వీటిలో కాపురం పెడదామా?" అని అడిగాను. ఆమె నవ్వలేదు. టేపు పట్టుకుని గోడకీ స్పీకరుకీ మధ్య దూరం కొలుస్తోంది. ఆమె ఒక రికార్డింగు స్టూడియోలో పని చేసేది. పగలంతా శబ్దాల మధ్య ఉండి, ఇంటికొచ్చి మళ్లీ వాటి ముందే కూర్చునేది. నేను బడిలో లెక్కలు చెప్తాను. సాయంత్రాలు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. అన్నేళ్లు కూర్చుంటే సంగీతం రానివాడికైనా కాస్త చెవి వస్తుంది.

ఆమె పోయి నాలుగు నెలలయింది.

మొదటి నెల ఆ గది తలుపు తీయలేదు. రెండో నెలలో తీసి, ఆమె ఎక్కువగా వినే రికార్డు పెట్టాను. ఒక ముసలాయన పాడిన పాటలు అవి. వెనక ఒక పెద్ద తీగవాద్యం, ఒక డోలు, అంతే. రెండో పాట మధ్యలో లావు తీగ మీద ఒక స్వరం కిందికి దిగుతుంది. సరిగ్గా అక్కడ డోలు వచ్చి కలుస్తుంది. ఆ క్షణంలో మా కిటికీ అద్దం గలగలమనేది. నా భార్య చట్రంలో కాగితం మడిచి దోపింది. అయినా అద్దం మాట వినలేదు.

ఇప్పుడు అద్దం పలకలేదు. ముసలాయన పక్కింట్లో కూర్చుని పాడుతున్నట్టుంది. డోలు కలిసిన చోట ఆయన గొంతు ఇంకా వెనక్కి పోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను.

"పాట అదే, స్పీకర్లు అవే కదా నాన్నా," అంది. మళ్లీ తనే, "అమ్మ పక్కన లేదు కదా. అందుకని అలా అనిపిస్తోందేమో," అంది, మెల్లిగా, నాకు దెబ్బ తగలకుండా.

డాక్టరు నా చెవుల్లోకి లైటు వేసి చూసి, ఈ వయసుకి ఇది మామూలేనన్నారు. మా బావమరిది మాత్రం నవ్వేశాడు.

"బావా, అక్కడున్నది సరికొత్త యాంప్లిఫయరు. వంద వాట్లు! పాతది అరవయ్యే. లెక్కల మాస్టారివి, నువ్వే చెప్పు. వంద పెద్దదా, అరవై పెద్దదా?"

ఆ యాంప్లిఫయరు సంగతి చెప్పాలి. స్పీకర్లకు కరెంటు అందించే పెట్టె అది. పాతది ఎప్పుడూ వేడిగా ఉండేది. చలికాలం నా భార్య దాని మీద చేతులు కాచుకునేది. ఆమె పోయిన వారం మా ఇంట్లో అన్ని పనులూ ఆమె తమ్ముడే చేశాడు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. కారే కుళాయికి వాషరు వేశాడు, గ్యాసు పైపు మార్చాడు, తలుపు గడియ బిగించాడు. ఆ వరసలో యాంప్లిఫయరు మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు. ఒంటరిగా ఉండబోయే మనిషి ఇంట్లో ఇది ఏదో ఒక రోజు అంటుకుంటుందని, పాత సామాన్లవాడికి ఇచ్చేసి, కొత్తది తెచ్చి తనే వైర్లు తగిలించాడు. నేను సరేనన్నాను. ఆ వారం ఎవరేమడిగినా సరేనన్నాను.

వాళ్లు ముగ్గురూ చెప్పింది నాకు సబబుగానే తోచింది. కానీ ఒక భయం పట్టుకుంది. ఆమె గొంతు నాకు జ్ఞాపకం ఉంది. దాన్ని దాచుకున్నది ఈ చెవులే. పాట విషయంలో ఇవి నాకు తప్పు చెప్తుంటే, ఆమె విషయంలో మాత్రం నిజం చెప్తున్నాయని నమ్మడమెలా? ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ అదే ప్రశ్న ఎదురొస్తుంటే తట్టుకోలేక, స్పీకర్లు ఎవరికైనా ఇచ్చేద్దామని బావమరిదితో అన్నాను. వారం తిరక్కుండా వాడు ఒకాయన్ని చూశాడు. ఆదివారం పట్టుకుపోవాలని మాట.

ఇచ్చే ముందు ఒకసారి పరీక్ష చేయించాలనుకున్నాను. చెడిపోయిన వస్తువు ఇంకొకరి నెత్తిన పెట్టడం పద్ధతి కాదు. అందుకే బుధవారం బడి అయ్యాక బజారు వీధిలో మెట్ల కిందున్న రిపేరు షాపుకి వెళ్లి, అక్కడి పెద్దాయన్ని ఇంటికి పిలుచుకొచ్చాను. వీధిలో అందరూ ఆయన్ని మీటరుగారంటారు. మీటరు పెట్టి చూడనిదే బల్బు వెలుగుతోందన్నా నమ్మరట.

"ఏమిటండీ కంప్లయింటు?" అన్నారు, సంచీ కింద పెడుతూ.

"లోపం స్పీకర్లలో ఉందో నాలో ఉందో తెలియడం లేదండీ. మావాళ్లు నాలోనే అంటున్నారు."

"మా ఇంట్లోవాళ్లు నన్నూ అదే అంటారు. దాన్ని పక్కన పెట్టండి. ఎక్కడ తేడా వస్తోంది?"

ఎక్కడ అని అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. ఎందుకో మాత్రం అందరూ చెప్పారు. నేను నా భార్యతో పదిహేనేళ్లు విన్నదీ, ఆమె పోయిందీ చెప్పి, రెండో పాట గురించి, దిగే స్వరం గురించి, డోలు గురించి చెప్పాను. కిటికీ అద్దం సంగతి చెప్పేసరికి ఆయన స్క్రూడ్రైవరు దించి నా వైపు చూశారు.

"అద్దం మోగేదా? ఇప్పుడు మోగడం లేదా?"

"లేదండీ."

"మరింకేం మాస్టారూ. మనిషికి దుఃఖం ఉంటుంది, నేను కాదనను. అద్దానికి ఉండదు కదా!"

నేను కుర్చీలో కూర్చున్నాను. నిలబడి వినే మాట కాదది.

ఆయన తన ఎడమ చెవి వైపు వేలు చూపించారు. "ఇది పూర్తిగా పోయింది. కుడిది సగం. కాబట్టి మీ ముసలాయన ఎలా పాడుతున్నాడో నన్నడిగి లాభం లేదు. వినడం మీ పని. చూడడం నా పని."

సంచీలోంచి చిన్న తెర ఉన్న పరికరం తీసి, వైర్లు స్పీకరు వెనక తగిలించారు. పాట మొదలవగానే తెర మీద ఆకుపచ్చ అలలు లేచాయి. ఆ చోటు రాగానే చెప్పమన్నారు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఇదిగో, ఇప్పుడు," అన్నాను.

"కళ్లు తెరవండి. ఇక్కడ చూడండి."

గుండ్రంగా ఉండాల్సిన అలల తలల్ని ఎవరో కత్తెరతో కత్తిరించినట్టుంది. పైన అంతా చదును. డోలు ఆగగానే మళ్లీ గుండ్రమయ్యాయి. మూడుసార్లు వేశాం. మూడుసార్లూ నేను 'ఇప్పుడు' అన్న చోటే కత్తెర పడింది.

తర్వాత ఆయన యాంప్లిఫయరు వైర్లు ఊడదీసి, స్పీకర్లను వాటంతట వాటినే కొలిచారు. చాలాసేపు పట్టింది. లేచి నడుం పట్టుకున్నారు.

"పెట్టెలు భేషుగ్గా ఉన్నాయండీ. కానీ వీటికి ఆకలెక్కువ. ఓమ్‌లంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డు. మామూలు స్పీకరు ఎనిమిది ఓమ్‌ల దగ్గర నిలబడి, ఇచ్చినంత తీసుకుంటుంది. ఇవి ఆ లావు స్వరం దగ్గర రెండుకి పడిపోతున్నాయి. ఓమ్‌లు ఎంత పడితే కరెంటు అంత లాగుతాయి. మీ బడిలో ఇంటర్వెల్లప్పుడు కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పితే ఏమవుతుంది?"

"దారంలా వస్తుంది."

"ట్యాంకు మీద వెయ్యి లీటర్లని రాసే ఉంటుంది కదా. పైపు సన్నం! ఈ కొత్తదాని వంద వాట్లు అలాంటివే. అబద్ధం కాదు. ఎనిమిది ఓమ్‌లకు వందే ఇస్తుంది. రెండు ఓమ్‌లు ఎదురయ్యేసరికి చేతులెత్తేస్తుంది. ఇంతకీ పాతదేదీ?"

"పాత సామాన్లవాడికి తూకానికి వేశాం."

"తూకానికా!" ఆయన నుదురు కొట్టుకున్నారు. "దాని గొప్పంతా ఆ బరువులోనే ఉందండీ. లోపల అడిగినంత కరెంటు అందించే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఉండి ఉంటుంది. సరే. శుక్రవారం సాయంత్రం ఇంట్లోనే ఉండండి."

శుక్రవారం మూడు యాంప్లిఫయర్లు బండి మీద తెచ్చారు. మూడింటి మీదా దుప్పటి కప్పారు. నా కుర్చీని గోడ వైపు తిప్పి, కిటికీ రెక్కలు బార్లా తెరిచేశారు.

"అద్దం సాక్ష్యం చెప్పకూడదు. మీరే చెప్పాలి. మూడింటి శబ్దమూ మీటరు పెట్టి సమానం చేశాను. గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. ఏది పెడుతున్నానో చెప్పను. కాపీ కొట్టకండి మాస్టారూ."

"ముప్పయ్యేళ్లు కాపీలు పట్టుకున్నవాణ్ణండీ."

"అందుకే చెప్తున్నా. దొంగల కిటుకులన్నీ మీకు తెలుసు."

మొదటిది విన్నాను. పక్కిల్లు కొంచెం దగ్గరికొచ్చింది, అంతే. రెండోది పెట్టారు. లావు తీగ మీద స్వరం దిగింది. డోలు వచ్చింది. ముసలాయన వెనక్కి పోలేదు. గోడకీ నాకూ మధ్య నిలబడి పాడుతున్నాడు. పాడే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. అరచేతులు మోకాళ్ల మీద గట్టిగా పెట్టుకున్నాను. నోటితో మాత్రం, "రెండోది. ఇలాగే ఉండేది," అన్నాను.

"తొందరపడకండి. పరీక్ష అవలేదు."

మూడోది బాగానే ఉంది గాని డోలు దగ్గర తడబడింది. వెనక వైర్ల చప్పుడయింది. నాలుగోసారి పాట వచ్చింది.

"ఇది మొదటిది," అన్నాను.

ఐదోసారి మళ్లీ ముసలాయన నా ఎదుట నిలబడ్డాడు. "ఇది రెండోది." మళ్లీ వైర్ల చప్పుడు, దుప్పటి చప్పుడు, ఏదో బరువైనది జరిపిన చప్పుడు. ఆరోసారి పాట.

"మీరేమీ మార్చలేదండీ. ఇదీ రెండోదే."

మీటరుగారు పెద్దగా నవ్వారు. "ఊరికే వైర్లు గలగలలాడించానండీ! ఎందరో పెద్ద పెద్దవాళ్లు అక్కడ పడిపోతారు. ఆహా ఇది వేరు, ఇందులో తీపి ఎక్కువ అంటారు." కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయన రాసుకున్న అంకెలూ నేను చెప్పినవీ పక్కపక్కనే ఉన్నాయి. మూడింటికి మూడు. "మీ చెవులకేం కాలేదు మాస్టారూ. పదిహేనేళ్లు ఎవరో బాగా తర్ఫీదు ఇచ్చారు."

నేను గోడ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన వెనక వైర్లు చుడుతూ ఉండిపోయారు. చుట్టాల్సినన్ని వైర్లు అక్కడ లేవు.

దుప్పటి తీస్తే రెండోది నల్లటి మొద్దు పెట్టె. మూల ఒకటి సొట్టపోయింది. మూతపడ్డ నాటకశాల నుంచి తెచ్చి బాగు చేశారట. దాని మీద డెబ్బై వాట్లని రాసి ఉంది. బల్ల మీదికి ఎత్తడానికి ఇద్దరం పట్టాం.

"మీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదండీ," అన్నాను.

"నాకెందుకూ. నేను కొలిచానంతే. ఇంతకీ..." ఆయన తటపటాయించారు. "ఎలా ఉందండీ ఆ పాట?"

చెప్పబోయి ఆగాను. ఆయన చెయ్యి పట్టుకుని అరచేతిని స్పీకరు పక్క చెక్క మీద పెట్టి, పాట మళ్లీ మొదటి నుంచి వేశాను. స్వరం దిగిన చోట ఆయన కనుబొమలు పైకి లేచాయి. పాట అయ్యేదాకా చెయ్యి తీయలేదు.

ఆదివారం పొద్దున్నే బావమరిది తాడూ పాత దుప్పట్లూ భుజాన వేసుకుని వచ్చాడు.

"బావా, ఆయన పదింటికి వస్తాడు. ఈలోగా వీటిని చుట్టేద్దాం. పట్టు."

"ముందు కూర్చో."

"కూర్చుంటే పనెలా అవుతుంది?"

"కూర్చోరా," అన్నాను. వాణ్ణి నేను ఏరా అనడం తక్కువ. కూర్చున్నాడు. పాట వేశాను. రెండో పాట దాకా కాళ్లాడిస్తూనే ఉన్నాడు. తర్వాత ఆడించలేదు. పాట అయ్యాక నల్ల పెట్టె వైపు చూశాడు.

"ఇదివరకు ఇలాగే ఉండేదా?"

"ఇలాగే."

"అంటే నేను తెచ్చినదే..."

"నువ్వు తెచ్చింది మంచిదేరా. వీటికది సరిపోదు, అంతే. అమ్మాయి ఇంట్లో చిన్న స్పీకర్లున్నాయి కదా, వాటికి హాయిగా సరిపోతుందని మీటరుగారు చెప్పారు. అయినా నువ్వు దాన్ని పాట కోసం తెచ్చావా? నేను కాలిపోకుండా ఉండాలని తెచ్చావు. ఆ వారం నేను తిన్నానో లేదో చూసింది నువ్వొక్కడివే. నీకీ మాట అప్పుడే చెప్పాల్సింది."

వాడు తాడు ముడి వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు. "అక్క ఎన్నిసార్లో పిలిచింది బావా, ఒకసారొచ్చి వినరా అని. వస్తానక్కా, వస్తానక్కా అనేవాణ్ణి." మొహం తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి, ఆ వచ్చే ఆయన్ని రావద్దన్నాడు. ఆయనేదో గట్టిగానే అన్నట్టున్నాడు. వీడు, "అవునండీ, తప్పు నాదే," అని పెట్టేశాడు.

"ఇంకొకటి పెట్టు బావా."

"ఏది?"

"నాకేం తెలుసు. ఏదో ఒకటి."

వాణ్ణే తియ్యమన్నాను. రికార్డుల బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని, కింది వరసలోంచి ఒకటి లాగాడు. ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. ఆమె ఎప్పుడు కొన్నదో, ఎందుకు వినలేదో నాకు తెలియదు. కవరు మీద పేరు నేనెప్పుడూ వినలేదు. ఇది ఎలా ఉండాలో నా జ్ఞాపకంలో ఏమీ లేదు, పోల్చి చూసుకోవడానికి. గోటితో కవరు చింపి, రికార్డు తిరిగే పళ్లెం మీద పెట్టి, సూది దించి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను.